రోజూ నడిచినా నాకెందుకు వచ్చింది?

పోయిన నెల ఇదే శీర్షికలో, మోకాళ్ళ నొప్పుల గురించిన ఒక జవాబు చివర, "నడక వల్ల రొమ్ము క్యాన్సర్ ముప్పు కూడా కొంత తగ్గుతుంది" అని ఒక వాక్యం రాశాను. మోకాళ్ళను అందరూ మరిచిపోయారు. ఆ వాక్యాన్ని పట్టుకుని మాత్రం ఉత్తరాల మీద ఉత్తరాలు వచ్చాయి. కొందరు సంతోషించారు, కొందరు వాదనకు దిగారు, ఒకావిడ కోప్పడ్డారు. ఆమె కోపంలో న్యాయం ఉంది కనుక ముందు ఆమె ఉత్తరమే.

ప్రశ్న: డాక్టరమ్మగారూ, నాకు 53 ఏళ్ళు. పెళ్ళైన కొత్తలో మొదలుపెట్టిన ఉదయపు నడకను ఈనాటి వరకూ మానలేదు. బరువు పెరగలేదు, ఏ దురలవాటూ లేదు. కిందటేడు ఎడమ రొమ్ములో క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి. చూడడానికి వచ్చిన ప్రతివారూ "రోజూ అంత నడిచేదానివి, నీకెలా వచ్చింది?" అనేవారే. మీరేమో నడిస్తే ముప్పు తగ్గుతుందని రాశారు. నేను నడిచిందంతా వృథాయేనా? నాకు తెలియకుండా ఇంకేదైనా తప్పు చేశానా?

జవాబు: అమ్మా, రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. మీరు ఏ తప్పూ చేయలేదు. రొమ్ము క్యాన్సర్ వచ్చిన వాళ్ళలో ఎక్కువమంది విషయంలో ఇదిగో ఇందువల్లే వచ్చిందని వేలు పెట్టి చూపించగల డాక్టరు ఎవరూ లేరు. వయసు పెరగడం, ఆడపిల్లగా పుట్టడం, చిన్న వయసులో రజస్వల కావడం, ఆలస్యంగా ముట్లుడగడం, వంశంలో వచ్చిన జన్యువులు, ఇవేవీ మీ చేతిలో ఉన్నవి కావు. వీటికి తోడు కణాలు విభజన చెందేటప్పుడు కేవలం యాదృచ్ఛికంగా జరిగే పొరపాట్లు ఉన్నాయి.

ఇక ముప్పు తగ్గడం అంటే ఎంత తగ్గడమో చూద్దాం. నార్వేలో 25,624 మంది స్త్రీలను ఏళ్ళ తరబడి గమనించి 1997లో ఫలితాలు ప్రకటించారు. తీరిక వేళల్లో క్రమం తప్పకుండా వ్యాయామం చేసిన వాళ్ళలో రొమ్ము క్యాన్సర్ 37 శాతం తక్కువగా కనిపించింది. ఆ వార్త అప్పట్లో పెద్ద సంచలనం. తర్వాత పెద్ద పెద్ద లెక్కలు వచ్చేకొద్దీ ఆ అంకె తగ్గుతూ వచ్చింది. అమెరికా, ఐరోపాలకు చెందిన 12 అధ్యయనాలను కలిపి, స్త్రీ పురుషులు మొత్తం 14 లక్షల 40 వేల మంది వివరాలతో 2016లో వేసిన లెక్కలో, బాగా చురుగ్గా ఉన్నవాళ్ళకు, దాదాపు కదలని వాళ్ళకు మధ్య రొమ్ము క్యాన్సర్‌లో తేడా 10 శాతం. పెద్దపేగు క్యాన్సర్‌లో 16 శాతం, గర్భాశయం లోపలి పొరకు వచ్చే క్యాన్సర్‌లో 21 శాతం.

శాతాలు మనిషిని మోసం చేస్తాయి కనుక మనుషుల్లో చెబుతాను. ఇది లెక్క సులువు కోసం అనుకుంటున్నది మాత్రమే. వ్యాయామం ఎరగని 100 మంది స్త్రీలున్నారు, వాళ్ళలో జీవితకాలంలో 10 మందికి ఈ జబ్బు వస్తుందనుకోండి. అందరూ చురుగ్గా ఉండి ముప్పు 10 శాతం తగ్గితే ఆ 10 మంది 9 మంది అవుతారు. 20 శాతం తగ్గితే 8 మంది. తప్పించుకున్న ఆ ఒకరిద్దరు ఎవరో మనకు తెలియదు, వాళ్ళకూ తెలియదు. మిగిలిన 8 మందో 9 మందో కూడా రోజూ నడిచినవాళ్ళే. మీరు వాళ్ళలో ఒకరు. కోట్ల మంది ఉన్న లోకంలో నూటికి ఒకరు తప్పించుకున్నా అది పెద్ద మేలే. అందుకే మేము నడవమని చెబుతాం. కానీ ఆ మేలు ఒక్కొక్కరికీ రాసిచ్చిన హామీ పత్రం కాదు. పత్రికల్లో "నడిస్తే క్యాన్సర్ దూరం" అని శీర్షికలు పెట్టే ఉపసంపాదకులు ఈ తేడా గమనించరు. (మా సంపాదకులు దీన్ని కత్తిరించరని ఆశ.)

"నీకెలా వచ్చింది" అని అడిగిన వాళ్ళ మీద కోపం తెచ్చుకోకండి. మీలో ఒక తప్పు దొరికితే, ఆ తప్పు తాము చేయడం లేదు కాబట్టి తమకు రాదని వాళ్ళకు ధైర్యం. వాళ్ళు అడిగింది మీ గురించి కాదు, తమ గురించి.

నడిచింది వృథా కాలేదు. మంచి కండ బలంతో, గట్టి గుండెతో ఆపరేషన్ బల్ల ఎక్కిన మనిషికి చికిత్సను తట్టుకోవడం కొంత తేలిక. ఇప్పుడు మీరు చేయబోయే నడకకు ఇంకా విలువ ఉంది. అమెరికాలో రొమ్ము క్యాన్సర్ వచ్చిన 2,987 మంది నర్సుల మీద 2005లో వచ్చిన అధ్యయనంలో, వారానికి 3 నుంచి 5 గంటలు మామూలు వేగంతో నడిచినంత శ్రమ చేసిన వాళ్ళలో ఆ జబ్బుతో చనిపోవడం, కదలకుండా ఉన్నవాళ్ళతో పోలిస్తే సగం దాకా తక్కువగా కనిపించింది. నీరసం తక్కువగా ఉన్నవాళ్ళే ఎక్కువ నడవగలిగి ఉండవచ్చు కాబట్టి ఆ సగమంతా నడక పుణ్యమే అనలేం. అయినా మానడానికి ఒక్క కారణం కూడా నాకు కనబడడం లేదు.

ఎడమ చేయి పైకి ఎత్తగలుగుతున్నారా? మీరు రాయలేదు. చంకలో లింఫ్ గ్రంథులు తీసినవాళ్ళకు భుజం బిగుసుకుపోతుంది. గోడకు ఎదురుగా నిలబడండి. వేళ్ళను గోడ మీద ఆనించి, చూపుడు వేలు, మధ్య వేలు మార్చి మార్చి వేస్తూ మెల్లగా పైకి పాకించండి. లాగినట్టు అనిపించిన చోట ఆపి, నెమ్మదిగా ఊపిరి తీసి వదలండి. అక్కడ పెన్సిలుతో చిన్న గీత పెట్టండి. నా పేషెంట్ల ఇళ్ళల్లో గోడల మీద అలాంటి గీతలు మెట్లలా పైకి పోతుంటాయి, పక్కన తేదీలతో సహా. ఒక ఇంట్లో అయితే సున్నం వేసేటప్పుడు ఆ మూల వదిలేయించారు.

ఆ చేత్తో బరువెత్తితే వాపు వస్తుందని మిమ్మల్ని భయపెట్టి ఉంటారు. చేతి వాపు ఉన్న 141 మంది స్త్రీల మీద జరిపిన పరీక్ష ఫలితాలు 2009లో వచ్చాయి. శిక్షకుల పర్యవేక్షణలో చాలా తక్కువ బరువుతో మొదలుపెట్టి, వాపు పెరగలేదని చూసుకుంటూ కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయిన వాళ్ళకు వాపు ఎక్కువ కాలేదు సరికదా, ఉన్నట్టుండి ఉధృతమయ్యే సందర్భాలు తగ్గాయి. ఫిజియోథెరపిస్టు చేత ఒకసారి చూపించుకుని మొదలుపెట్టండి.

ప్రశ్న: మేడమ్ గారూ, మా ఆవిడకు 46 ఏళ్ళు. ఉదయం నుంచి రాత్రి వరకు ఇంట్లో తిరుగుతూనే ఉంటుంది. వ్యాయామం చేయమంటే "ఇంటి పనికన్నా వ్యాయామం ఏముంది" అంటుంది. ఆమె మాట నిజమేనా? ఎలా ఒప్పించాలి?

జవాబు: అయ్యా, ఆవిడ మాటలో మీరనుకున్న దానికన్నా ఎక్కువ నిజం ఉంది. ఐరోపాలో 9 దేశాల నుంచి 2,18,169 మంది స్త్రీలను గమనించి 2007లో ప్రకటించిన అధ్యయనం ఒకటుంది. ఆఫీసు పనిలో శ్రమ, తీరిక వేళ ఆటలు, ఇంటి పని, మూడింటినీ విడివిడిగా లెక్కగట్టారు. రొమ్ము క్యాన్సర్ తక్కువగా కనబడింది ఇంటి పని ఎక్కువగా చేసిన వాళ్ళలోనే. ముట్లుడిగిన వాళ్ళలో 19 శాతం, ఇంకా ఉడగని వాళ్ళలో 29 శాతం తక్కువ. ఆటలతో ఆ అధ్యయనంలో స్పష్టమైన సంబంధం కనబడలేదు. ఈ సంగతి ఆవిడకు తప్పక చదివి వినిపించండి. చాలా ఏళ్ళుగా ఎవరూ లెక్కలోకి తీసుకోని శ్రమకు ఒక్కచోటైనా లెక్క దొరికింది.

అయితే ఇంటి పనంతా ఒకటి కాదు. పొయ్యి దగ్గర గంట నిలబడడం అలసట తెప్పిస్తుంది, కానీ గుండెను పరుగెత్తించదు. నేల తుడవడం, బకెట్లు మోయడం, బట్టలు పిండి ఆరేయడం, పిల్లవాడిని ఎత్తుకుని మెట్లెక్కడం వేరు. తేడా తెలుసుకోవడానికి యంత్రాలు అక్కర్లేదు. పని చేస్తూ మాట్లాడగలుగుతూ, పాట మాత్రం పాడలేకపోతే అది మధ్యస్థమైన శ్రమ. నాలుగు మాటలకే ఆయాసం వస్తే అది తీవ్రమైన శ్రమ. పల్లవి, చరణం హాయిగా పాడగలిగితే అది లెక్కకు రాదు. వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థమైన శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాలు తీవ్రమైన శ్రమ, దానితోపాటు కనీసం 2 రోజులు కండరాలకు పని చెప్పే వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అది ఎక్కడ చేయాలో చెప్పలేదు. ఇల్లయినా ఒకటే, మైదానమైనా ఒకటే.

ఇంటి పనిలో లేనిది ఒకటే, అది తనదైన సమయం. ఆవిడను ఎలా ఒప్పించాలని అడిగారు. ఒప్పించడం ఎందుకు? ఆవిడ నడకకు వెళ్ళే ఆ ముప్పావు గంటలో ఇంట్లో ఏ పని ఆగిపోతుందో ఒక కాగితం మీద రాసుకుని, దాన్ని మీరు చేయండి. బాల్టీ మోసి, తుడుపుగుడ్డ పిండి, పాట వస్తోందో లేదో కూడా చూసుకోండి. మీకూ ఆ 150 నిమిషాలు కావాలి కదా.

ప్రశ్న: గణితం చెప్పి రిటైరైన వాడిని. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే వ్యాయామం చేయగలరు, జబ్బు లోపల మొదలైనవాళ్ళు చేయలేరు. అలాంటప్పుడు "వ్యాయామం చేసిన వాళ్ళకు జబ్బు తక్కువ" అనడం కారణాన్ని, ఫలితాన్ని తారుమారు చేయడం కాదా?

జవాబు: మాస్టారూ, ఇలాంటి ఉత్తరాలు ఇంకా రావాలి. మీరు పట్టుకున్నది సరైన లొసుగే. దానికి విరుగుడుగా పరిశోధకులు మొదటి ఒకటి రెండేళ్ళలో జబ్బు బయటపడిన వాళ్ళను లెక్కలోంచి తీసేసి మళ్ళీ చూస్తారు. పొగ తాగడం, మద్యం, బరువు, పిల్లల సంఖ్య లాంటివన్నీ సరిచేస్తారు. అయినా కొంత మిగిలిపోతుంది. నేను పైన చెప్పిన 2016 లెక్కలోనే దీనికి చక్కని ఉదాహరణ ఉంది. వ్యాయామం చేసేవాళ్ళలో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ 27 శాతం ఎక్కువగా తేలింది! వ్యాయామం చర్మాన్ని పాడుచేస్తుందని కాదు, ఆరుబయట తిరిగేవాళ్ళకు ఎండ ఎక్కువగా తగులుతుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ 26 శాతం తక్కువన్నారు, కానీ ఎన్నడూ పొగ తాగని వాళ్ళను విడిగా చూస్తే ఆ మేలు కనబడలేదు. అంటే అందులో ఎక్కువ భాగం పొగాకు నీడ. రొమ్ము, పెద్దపేగు, గర్భాశయం విషయంలో అలా మాయం కాలేదు. ఎన్నో దేశాల్లో, ఎన్నో పద్ధతుల్లో అదే వైపు చూపిస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లోనే రొమ్ముకూ పెద్దపేగుకూ ఆధారం చాలినంత ఉందని తేల్చింది.

చీటీలు వేసినట్టు మనుషులను రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపు చేత వ్యాయామం చేయించి, ఇరవై ఏళ్ళు ఆగి ఎవరికి క్యాన్సర్ వచ్చిందో చూస్తే మీ సందేహం పూర్తిగా తీరుతుంది. అంతకాలం ఎవరు చేస్తారు? కాబట్టి మధ్య మెట్లను పరీక్షించారు. ఆ మెట్లు ఏమిటో కింది ఉత్తరానికి ఇచ్చిన జవాబులో ఉన్నాయి, అదీ చదవండి.

ప్రశ్న: అక్కా, నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. కాళ్ళతో నడిస్తే రొమ్ములోని కణాలకు ఎలా తెలుస్తుంది? మా లెక్చరర్‌ను అడిగితే నవ్వి ఊరుకున్నారు.

జవాబు: చెల్లీ, నవ్వవలసిన ప్రశ్న కాదది. తెలిసేది రక్తం ద్వారా. ముట్లుడిగిన తర్వాత అండాశయాలు దాదాపు పని మానేస్తాయి. అయినా శరీరంలో ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ తయారవుతూనే ఉంటుంది. ఎక్కడ? ఎక్కువగా కొవ్వులో. కొవ్వు కణాల్లో ఆరొమటేజ్ అనే ఎంజైము ఉంది, అది ఇతర హార్మోన్లను ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. కొవ్వు ఎంత ఉంటే ఆ పని అంత ఎక్కువ. రొమ్ము కణాలకు, గర్భాశయం లోపలి పొరకు ఈస్ట్రోజెన్ అంటే "విభజించు" అనే ఆజ్ఞ. ఎక్కువసార్లు విభజన జరిగితే పొరపాట్లకు అన్ని ఎక్కువ అవకాశాలు. వ్యాయామం కొవ్వును తగ్గిస్తుంది. దాంతోపాటు, రక్తంలో తిరిగే సెక్స్ హార్మోన్లను పట్టి ఉంచే ఒక ప్రోటీన్‌ను పెంచుతుంది. అలా స్వేచ్ఛగా తిరిగే ఈస్ట్రోజెన్ తగ్గుతుంది.

రెండో దారి ఇన్సులిన్. కదలని కండరం ఇన్సులిన్ మాట వినదు. దానికి వినిపించాలని శరీరం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. ఆ అదనపు ఇన్సులిన్ కణాల పెరుగుదలను కూడా ప్రోత్సహిస్తుంది. పనిచేసే కండరం రక్తంలోని చక్కెరను తానే లాక్కుంటుంది, అందువల్ల ఇన్సులిన్ అవసరం తగ్గుతుంది. నడిచిన రోజే ఈ మార్పు మొదలవుతుంది, బరువు ఒక్క గ్రాము తగ్గకపోయినా సరే. పెద్దపేగు విషయంలో ఇంకో సంగతి: కదిలే మనిషికి పేగు కూడా చురుగ్గా కదులుతుందనీ, మలంలోని హానికర పదార్థాలు గోడను తాకి ఉండే సమయం తగ్గుతుందనీ భావిస్తున్నారు.

ఇదంతా ఊహ కాదని చూపించడానికి కెనడాలోని ఆల్బర్టాలో పరీక్షలు చేశారు (మాస్టారు అడిగింది ఇదే). ముట్లుడిగి, వ్యాయామం అలవాటు లేని 320 మంది స్త్రీలను చీటీ పద్ధతిలో విడదీసి, సగం మందిని వారానికి 5 రోజులు, రోజుకు 45 నిమిషాలు, ఏడాది పాటు వ్యాయామం చేయమన్నారు. చేసిన వాళ్ళ రక్తంలో ఈస్ట్రోజెన్ తగ్గింది. తర్వాత 400 మందితో ఇంకో పరీక్షలో వారానికి 150 నిమిషాల వాళ్ళను 300 నిమిషాల వాళ్ళతో పోల్చారు. కొవ్వు ఎక్కువగా తగ్గింది 300 నిమిషాల వాళ్ళలో. అందుకే 150 అనేది గమ్యం కాదు, గడప.

ప్రశ్న: నేను సన్నగా ఉంటాను. నాకు ఇవన్నీ అవసరమా?

జవాబు: అవసరమే. ఇన్సులిన్ సంగతి పైన చెప్పాను. 2016 లెక్కలో చాలా రకాల క్యాన్సర్లకు బరువును పక్కన పెట్టి చూసినా మేలు నిలిచింది. గర్భాశయానికి మాత్రం ఆ మేలులో పెద్ద వాటా బరువు ద్వారా వచ్చేదే. సన్నగా ఉండి రోజంతా కూర్చునే మనిషి కన్నా కాస్త లావుగా ఉండి చకచకా తిరిగే మనిషి నాకు చూడముచ్చటగా ఉంటుంది. అది నా ఇష్టం అనుకోండి.

ప్రశ్న: మా అమ్మకు 41వ ఏట, పిన్నికి 38వ ఏట రొమ్ము క్యాన్సర్ వచ్చింది. నాకు 24 ఏళ్ళు. జిమ్‌లో చేరాను, రోజూ కష్టపడుతున్నాను. ఇది నన్ను కాపాడుతుందా?

జవాబు: తల్లీ, జిమ్ మానకు. కానీ జిమ్‌కు వెళ్ళే దారిలో ఒక పని ముందు చెయ్యి. మీ అమ్మకు బీఆర్‌సీఏ జన్యు పరీక్ష (లోపం ఉంటే రొమ్ము క్యాన్సర్ ముప్పును బాగా పెంచే జన్యువుల పరీక్ష) చేశారా అని అడుగు. చేయకపోతే చేయించండి. ఇంత చిన్న వయసులో ఒకే కుటుంబంలో ఇద్దరికి వచ్చిందంటే పరీక్షకు అది చాలిన కారణం. పరీక్ష జబ్బు వచ్చిన మనిషితో మొదలుపెడితేనే ఫలితం స్పష్టంగా అర్థమవుతుంది, అందుకే నీకన్నా ముందు అమ్మకు. మొత్తం రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యమైనవి 5 నుంచి 10 శాతమే. కానీ బీఆర్‌సీఏ1 లేదా 2లో లోపం ఉంటే 80 ఏళ్ళు వచ్చేలోపు ముప్పు 70 శాతం దగ్గరికి వెళుతుంది. దాన్ని ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తి దాటలేం.

అలాగని వ్యాయామానికి ఇక్కడ చోటు లేదనుకోకు. న్యూయార్క్‌లో 1,008 మంది రొమ్ము క్యాన్సర్ రోగులతో మొదలుపెట్టి వాళ్ళ కుటుంబాల్లో ఈ జన్యువులను వెతికిన అధ్యయనం 2003లో వచ్చింది. లోపం ఉన్నవాళ్ళలోనే, కౌమారంలో ఆటలాడి, లావు కాకుండా ఉన్నవాళ్ళకు జబ్బు ఆలస్యంగా వచ్చింది. రాకపోవడం కాదు, ఆలస్యం కావడం. ఈ జబ్బులో ఆలస్యం కూడా సంపాదనే. నీ పరీక్షలో లోపం తేలితే ఈ వయసు నుంచే ఏటా ఎమ్మారై, తర్వాత మామోగ్రామ్, ఇంకా ఏమి చేయవచ్చన్నది జన్యు సలహాదారు కూర్చోబెట్టి చెబుతారు. లోపం లేదని తేలినా అమ్మ కథ చెప్పి, నీ పరీక్షలు ఏ వయసులో మొదలుపెట్టాలో డాక్టరు దగ్గర రాయించుకో.

ప్రశ్న: యోగా చేస్తే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాదని విన్నాను. నిజమేనా?

జవాబు: కాదు. ఆ క్యాన్సర్ దాదాపు ఎప్పుడూ హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తుంది. ఏ ఆసనమూ ఆ వైరస్‌ను ఆపదు. ఆపేది టీకా, అది 9 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు వేయిస్తే అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. టీకా వయసు దాటిన వాళ్ళకు 30 ఏళ్ళ నుంచి 5 లేదా 10 ఏళ్ళకోసారి హెచ్‌పీవీ పరీక్ష ఉంది. యోగా మీకు నచ్చితే వేరే ఎన్నో కారణాలకు చేయండి.

ప్రశ్న: డాక్టర్ గారూ, ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, రెండు బస్సులు మారి ప్రయాణం. 150 నిమిషాలు అని మీరు రాస్తే నాకు నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది.

జవాబు: అయితే 150 వదిలేయండి. 2023లో బ్రిటన్ నుంచి ఒక అధ్యయనం వచ్చింది. వ్యాయామం చేయని 22,398 మంది మణికట్టుకు కదలికలు నమోదు చేసే పరికరం కట్టి, తర్వాత దాదాపు 7 ఏళ్ళు గమనించారు. వాళ్ళ సగటు వయసు 62. రోజు మొత్తంలో నిమిషం నిమిషం చొప్పున విడివిడిగా, ఆయాసం వచ్చేంత వేగంగా కదిలిన క్షణాలన్నీ కలిపితే నాలుగున్నర నిమిషాలు ఉన్నవాళ్ళలో, అసలు లేనివాళ్ళ కన్నా, శ్రమ చేస్తే ముప్పు తగ్గే రకం క్యాన్సర్లు 31 శాతం తక్కువ. మాస్టారి హెచ్చరిక దీనికీ వర్తిస్తుంది, ఇది కూడా గమనింపే కానీ పరీక్ష కాదు. అయినా మీకు ఇందులో పోయేదేమీ లేదు. రెండో బస్సు అందుకోవడానికి మీరు పరుగెత్తే ఆ నిమిషం లెక్కే. ఆఫీసులో మెట్లు గబగబా ఎక్కడం లెక్కే. చిన్నవాడిని తరమడమూ లెక్కే. రోజులో అలాంటివి ఇప్పటికే ఎన్ని ఉన్నాయో ఒకసారి చూసుకోండి, మరో రెండు మూడు చేర్చండి. పిల్లలు కాస్త పెద్దయ్యాక 150 సంగతి చూద్దాం.

ప్రశ్న: మా అత్తయ్యకు 61 ఏళ్ళు. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో అయ్యి మూడు నెలలైంది. మామయ్య ఆమెను మంచం దిగనివ్వరు. "శక్తి దాచుకోవాలి" అంటారు. నేను కాస్త నడిపిస్తే నా మీద కేకలేశారు. ఎవరిది సరి?

జవాబు: మీది, అమ్మా. కానీ మామయ్య మీద నాకు కోపం లేదు. మా తరం డాక్టర్లే చాలాకాలం "విశ్రాంతి తీసుకోండి" అని చీటీ రాసి పంపించారు, ఆయన ఆ మాటే నమ్మారు. ఆయనకు ఇది చదివి వినిపించండి. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో పూర్తయిన 889 మందిని చీటీ పద్ధతిలో విడదీశారు. ఒక గుంపుకు వ్యాయామం గురించి పుస్తకం ఇచ్చి వదిలేశారు. ఇంకో గుంపుకు శిక్షకులను పెట్టి మూడేళ్ళు వ్యాయామం చేయించారు. చాలామందికి అది వారానికి 3, 4 సార్లు, ముప్పావు గంట నుంచి గంట దాకా చురుకైన నడకే. 2025లో ఫలితాలు వచ్చాయి. 8 ఏళ్ళ తర్వాత పుస్తకం గుంపులో 83.2 శాతం మంది బతికి ఉంటే, వ్యాయామం గుంపులో 90.3 శాతం. కొన్ని ఖరీదైన మందులు ఇంత తేడా చూపించలేక మూలపడ్డాయి. వ్యాయామం చేసిన వాళ్ళలో కండరాల, కీళ్ళ నొప్పులు కొంచెం ఎక్కువ వచ్చాయి, అది కూడా చెప్పాలి.

అత్తయ్యను రేపటి నుంచి గంట నడిపించమని కాదు. కీమో వల్ల పాదాలు తిమ్మిరెక్కి ఉంటాయి, కిందపడే ప్రమాదం ఉంది, కాబట్టి కాలికి పట్టి ఉండే చెప్పులు, పక్కన ఒక మనిషి. మొదట పది నిమిషాలు, నీరసం చూసుకుని పెంచండి. జ్వరం ఉన్న రోజు, రక్తం బాగా తగ్గిన రోజు, కళ్ళు తిరిగిన రోజు వద్దు. ఎముకలకు జబ్బు పాకిందని ఎప్పుడైనా చెప్పి ఉంటే డాక్టరును అడగకుండా బరువులు, గెంతులు వద్దు. పక్కన నడిచే ఆ మనిషి మామయ్యే అయితే కేకలు వాటంతట అవే ఆగుతాయి.

ప్రశ్న: నాకు 58 ఏళ్ళు. ముట్లుడిగి ఆరేళ్ళైంది. రెండు నెలల క్రితం వ్యాయామం మొదలుపెట్టాను. ఈ మధ్య రెండుసార్లు కొద్దిగా రక్తం కనబడింది. అలవాటు లేని శ్రమ వల్ల లోపల ఏదో అదిరిందనుకుని వ్యాయామం మానేశాను. మళ్ళీ మొదలుపెట్టవచ్చా?

జవాబు: ఈ ఉత్తరం విషయంలో పత్రిక అచ్చయ్యేదాకా ఆగకుండా మీకు ఫోను చేయించాను. ఇక్కడ వేస్తున్నది ఇదే కారణం చెప్పుకుని ఇంట్లో కూర్చున్న ఇతరుల కోసం. ముట్లుడిగిన తర్వాత కనబడే రక్తానికి వ్యాయామం కారణం అని ఎప్పుడూ అనుకోకూడదు. అలా రక్తం కనబడిన వాళ్ళలో 10 మందికి 9 మందిలో కారణం చిన్నదే, పొర పలచబడడమో, చిన్న కండో. దాదాపు ఒకరిలో గర్భాశయ క్యాన్సర్ ఉంటుంది. ఆ క్యాన్సర్ ఉన్నవాళ్ళలో నూటికి 90 మందికి ఈ రక్తమే మొదటి కబురు. కొద్దిగానే కదా, ఒక్కసారే కదా అని ఊరుకోవద్దు. ఈ వారంలోనే స్త్రీల వైద్యురాలి దగ్గరికి వెళ్ళండి. యోని ద్వారా స్కానింగ్ చేసి లోపలి పొర మందం చూస్తారు, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. వెళ్ళేటప్పుడు రక్తం కనబడిన తేదీలు, వాడుతున్న మందుల పేర్లు, ముఖ్యంగా హార్మోన్ మాత్రలు, రక్తం పలచబడే మందులు, రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే టామాక్సిఫెన్ లాంటివి ఉంటే రాసుకుని వెళ్ళండి. వ్యాయామం సంగతి ఫలితం వచ్చాక మాట్లాడుకుందాం.